బెల్లంలో రెండో ముక్క

మా చిన్నప్పుడు... బడిలో ఒకనాడు అయ్యవారు పద్యపాఠం ఆపి, "ఒక్కొక్కరే లేచి మీ పేరూ, దాని అర్థమూ చెప్పండి" అన్నారు. మార్కాపురం పలకలు పక్కన పెట్టి అందరం నిటారుగా కూర్చున్నాం. చెన్నకేశవులు లేచి "అందమైన కేశవుడు" అని గర్వంగా చెప్పాడు. తరువాత నా వంతు వచ్చింది.

నా పేరు కాశిమయ్య.

"కాశి తెలుసు. ఈ 'మయ్య' ఏందిరా?" అన్నారు అయ్యవారు.

"కాశికి పోతా పోతా నడిమధ్యలో ఆగిపోయినాడు అయ్యోరా!" అన్నాడు చెన్నకేశవులు. బడి బడంతా నవ్వింది.

"రేపటికి అర్థం కనుక్కొని రా. లేకుంటే హాజరుపట్టీలో కాశీనాథుడని దిద్దేస్తా."

ఆ పేరు మా అమ్మ పెట్టింది. ఆమె పోయి అప్పటికి ఏడాది. ఆమె చీరలను చుట్టాలు పంచుకొని పోయారు. నాకు మిగిలింది ఆ పిలుపొక్కటే.

మా నాయన పురాణం చెప్పేవారు. శబ్దానికి వ్యుత్పత్తి చెప్పనిదే పద్యం దాటేవారు కారు. ఆయనే ఆనాడు నేనడిగితే తల వంచుకొని, "నీకు ముందు ముగ్గురు పురిట్లోనే పోయినారు. మీయమ్మ పీర్ల పండగనాడు ఖాసిం పీరుకు మొక్కుకునింది. నువ్వు నిలిచినావు. అర్థం... నేనెప్పుడూ అడగలేదురా" అన్నారు.

ఊళ్లో ఆ పీరును ఎత్తుకొనేది దూదేకుల హుసేను తాత. నేను వెళ్లేసరికి విల్లుతో పత్తి ఏకుతున్నాడు. గడ్డం నిండా దూది... నా ప్రశ్న విని విల్లు పక్కన పెట్టాడు.

"ఖాసిం అంటే పంచేవాడు, అబ్బయ్యా. అరబ్బీ మాట. మీయమ్మా ఇదే అడిగింది నన్ను. చెప్తే ఎంత నవ్విందో! 'అట్లయితే వీని ఎనక ఇంకా పుడతారు తాతా, వీడే అందరికీ పంచిపెడతాడు' అనింది."

నా వెనుక ఎవరూ పుట్టలేదు...

అమ్మ బెల్లం పెట్టినప్పుడల్లా రెండు ముక్కలు చేసి, "ఇది నీది, ఇది దాచు" అనేది. ఎవరికని నేనడగలేదు. పొద్దుగూకేలోగా రెండోదీ నేనే తినేవాణ్ణి.

మరునాడు బడిలో అర్థం చెప్పాను. అయ్యవారు పట్టీలో 'కాశి' కొట్టివేసి 'ఖాసి' అని దిద్దారు. పేరు నిలిచింది. చెన్నకేశవులు మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఎవురికి పంచుతావురా? నువ్వొక్కడివే గదా!" అన్నాడు. వాడు తమాషాకే అన్నాడు... నాకు డెబ్బై ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

పెద్దయ్యాక నిఘంటువులు తిరగేశాను. వాటా, పాలు, భాగం అనే అర్థాలన్నీ ఆ ఒక్క ధాతువులోనివేనట. మనం అనే 'కిస్మత్తు' కూడా అందులోనుంచి వచ్చిందే... ఎవరికి పంచినది వారికి అని. నా పాలికి ఒంటరితనం వచ్చింది.

ఇప్పుడు బిడ్డ పుట్టకముందే ఫోనులో అర్థం చూసి పేరు పెడుతున్నారు. మంచిదే... కాని ఒక ముసలాయన విల్లు ఆపి, దూది దులుపుకొని, అమ్మ నవ్వుతో సహా ఆ అర్థాన్ని చేతికివ్వడం ఇక ఎక్కడిది?

మీ పేరుకు అర్థం మీకెవరు చెప్పారు? తీరిగ్గా చెప్పండి... బెల్లం రెండు ముక్కలు చేసుకొని కూర్చున్నాను.