మెడచుట్టూ జరీ

మా ముత్తాత నాగావళి ఒడ్డున పద్నాలుగు గ్రామాలకు దొర. తాత ఎదుట కలెక్టరైనా అనుమతి అడిగి కూర్చునేవాడు. నాన్న జంషెడ్‌పూర్ వచ్చి, కార్ఖానాలో గుమస్తాగా చేరి, షిఫ్టు బస్సు కోసం వరుసలో నిలబడ్డాడు. మా వంశంలో వరుసలో నిలబడ్డ మొదటి మనిషి ఆయనే.

టెల్కో కాలనీ క్వార్టర్‌లో మా ముందుగది గోడకు ఆ ముగ్గురి పటాలూ ఉండేవి. ముగ్గురి మెడకూ జరీ ఉత్తరీయం, రెండు చుట్లు, ముడి ఎడమవైపు. నలభై దాటిన మగవాడు అలా చుట్టుకోవడం మా ఇంటి మర్యాద అనేవారు. నాన్న బస్సులో కూడా దాన్ని తీసేవాడు కాదు. పక్క క్వార్టర్ల ఇంజనీర్లు మెడకు టై బిగించి పెద్దమనుషులమైపోయామనుకునేవారు. వాళ్లను చూస్తే నాకు జాలి కూడా కలిగేది కాదు.

నలభై మూడో ఏట నా మెడలో గడ్డ లేచింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. నా ఇంటిపేరు కూడా సరిగ్గా పలకలేని డాక్టరమ్మ, కలం పట్టుకుని నా వంశం సంగతి అడిగింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా మెడలో గడ్డ ఉండేదా? ఈ రకం క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో తరాలుగా నడుస్తుంది."

"మాది రోగిష్టి వంశం కాదు. తాత వేటలో పోయాడు. నాన్న మీ ఊరి పొగ పీల్చి పోయాడు."

"అయినా ఒకసారి రక్తం బొంబాయి పంపిద్దాం. రెట్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూస్తారు. మీకుంటే మీ అమ్మాయికి వచ్చే అవకాశం సగానికి సగం. ముందే తెలిస్తే, క్యాన్సర్ పుట్టకముందే ఆ గ్రంథి తీసేయొచ్చు."

"నా రక్తం ఎలాంటిదో బొంబాయి వాళ్లు చెప్పక్కర్లేదు" అన్నాను.

నాకు ఆపరేషన్ చేశారు. నాలుగు నెలల తరవాత కాలనీలో ఎవరిదో పెళ్లి. నేను పండగలకే చుట్టుకునే ఉత్తరీయాన్ని నా భార్య పెట్టెలోంచి తీసింది.

"ఆ కుట్లు కనబడకుండా ఇది చుట్టుకోండి."

చుట్టుకున్నాను. రెండు చుట్లకే గాటంతా మాయమైంది. అద్దంలో నా వెనక గోడమీద ముగ్గురు దొరలు, అదే ముడితో. పెళ్లికి వెళ్లలేదు. స్కూటర్ తీసి బిర్సానగర్‌లో పెదనాన్న ఇంటికి వెళ్లాను.

"తాత మెడలో ఏముండేది?"

"ఏటిరా, ఇప్పుడీ గోల! గడ్డే. మా తాతకీ గడ్డే, నాన్నకీ గడ్డే, మీ నాన్నకీ గడ్డే. గుడ్డ చుట్టడం మా నాయనమ్మ ఉపాయం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సంబంధాలొత్తాయేటి? నీకు పెళ్లయిందంటే ఆ గుడ్డ పుణ్యమే. ఇంత పెద్ద ఇల్లు, మెడలో కాయలని దండోరా వేయించమంటావేటి?"

ఇంట్లో ఉత్తరీయం లేని ఆయన మెడ నున్నగా ఉంది. ఆ నున్నటి మెడతో నవ్వాడు. పెళ్లిళ్ల కోసం చావుల్ని దాచిన మనుషులు! వాళ్ల పటాలకు నేను ఇన్నేళ్లు రోజూ దీపం పెట్టాను. వాళ్ల మాట నమ్మి నా బిడ్డవి నాలుగు నెలలు పారేశాను.

మర్నాడు ఆస్పత్రిలో చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డాను. మూడు తరాలనీ డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఒక్క మాటా దెప్పకుండా రాసుకుంది. అది నాకు మరీ భరించరానిదైంది. నా రక్తంలో ఆ మార్పు ఉంది. తరవాత మా అమ్మాయి రక్తం పంపాం. దానికి పదేళ్లు. ఆ రక్తంలోనూ మార్పు ఉంది.

నేను తెలుగులో చెబితే అది ఎప్పటిలాగే హిందీలో అడిగింది. "పాపా, మేరే గలే మే భీ హై క్యా?"

"నీ మెడలోనూ ఉంది. తీయించేద్దాం."

తీశారు. గ్రంథిలో క్యాన్సర్ అప్పుడప్పుడే మొదలైందట, బయటికి పాకలేదట. పిల్ల ఇంటికొచ్చిన రోజు పెదనాన్న యాపిల్ పళ్లు పట్టుకొచ్చాడు.

"దాని మెడకి ఏదైనా చుట్టండర్రా. రేపు సంబంధాలు చూడాలి కదేటి."

"అది మెడకేమీ చుట్టుకోకుండానే బడికి వెళ్తుంది" అన్నాను. "యాపిల్ పళ్లు అక్కడ పెట్టి మీరు దయచేయండి."

ఆ వారమే సాక్చి బజారులో పాత జరీ కొనేవాడికి మా ఇంట్లో ఉన్న ఉత్తరీయాలన్నీ అమ్మేశాను.