గేటు దగ్గరే చెప్పాల్సిన అంకె

ఆ ఫంక్షన్ హాలు మేనేజరుని అందరూ చక్కెర బాబాయి అనేవారు. కాఫీలో చక్కెర ఎక్కువ వేసుకుంటాడని కాదు, నోరు తెరిస్తే వచ్చేదంతా తీపే. హాలు చూడ్డానికి వచ్చినవాళ్లకి గేటు దగ్గర ఒక చిన్న అంకె చెప్పేవాడు. అది విని వాళ్లు తమ అదృష్టానికి తామే మురిసిపోతూ లోపల అడుగుపెట్టేవారు. అసలు కథ అక్కడ మొదలయ్యేది. కుర్చీల దగ్గర ఆగి, "ఇవి మాత్రం వేరేనండీ" అనేవాడు. వేదిక ముందు ఆగి, "లైట్లు వేరే" అనేవాడు. వంటగది గుమ్మంలో గిన్నెలకి, కుళాయి దగ్గర నీళ్లకి, వెనక తలుపు దగ్గర చెత్త ఎత్తినందుకు. ఒక్కో చార్జీకి ఒక్కో చిరునవ్వు ఉచితం! హాలంతా చుట్టి గేటుకి వచ్చేసరికి అంకె రెట్టింపయ్యేది. అప్పటికే ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా అనుకున్న పాపానికి వాళ్లు వెనక్కి పోలేకపోయేవారు.

ఇది మోసం అంటే మాత్రం ఆయన నొచ్చుకునేవాడు. "నేనేమైనా అబద్ధమాడానా? అన్నీ చెప్పాను కదా, కాస్త నిదానంగా చెప్పాను" అనేవాడు.

ఆ నిదానమే ప్రభుత్వానికి నచ్చలేదు. హాళ్లవాళ్లు అన్ని చార్జీలూ కలిపిన మొత్తం ముందే చెప్పాలని, తర్వాత పైసా కలిపినా జరిమానా అని, మళ్లీ చేస్తే లైసెన్సు రద్దని కొత్త నిబంధన పెట్టింది. తనిఖీ చేసే అధికారిణి స్వయంగా వచ్చి, "లోపలికి తీసుకెళ్లాక కాదు, గేటు దగ్గరే చెప్పాలి. అర్థమైందా?" అని అడిగి మరీ వెళ్లింది.

హాలు ఓనరు అదిరిపోయాడు. "బాబాయ్, నెలాఖరులోగా ఒక్క బుకింగైనా రాకపోతే హాలు సిమెంటు గోడౌనుకి ఇచ్చేస్తా. బస్తాలకి మేనేజరు అక్కర్లేదు" అన్నాడు.

పాపం, చక్కెర బాబాయి ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. భార్య చేతిసంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, నేను పెళ్లికూతురి తల్లిని. హాలు ఎంత?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. దగ్గాడు. మంచినీళ్లు తాగాడు. చివరికి నోటికి అలవాటైన ఆ చిన్న అంకే బయటికొచ్చింది.

"అయ్యో, లైసెన్సు పోయింది!" అని ఆవిడ పడీ పడీ నవ్వింది.

ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. హాలు గేటు దగ్గర ఎలాగో నోరు పెగల్చుకుని చెప్పిన మొత్తం అంకె విన్న మొదటి రెండు కుటుంబాలూ "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయాయి. అలా అన్నవాళ్లు మళ్లీ రారని ఆయనకి తెలియనిదా! ఈ వయసులో ఇంకెక్కడ పని దొరుకుతుందని నిజంగానే బెంగ పట్టుకుంది.

నెలాఖరున ఒక టైలరమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని మొత్తం అంకె చెప్పేశాడు. కళ్లు తెరిచేసరికి ఆవిడ అక్కడే ఉంది.

"సరే, పదండి" అంది.

కుర్చీల దగ్గరికి రాగానే ఆయన కాళ్లు వాటంతటవే ఆగాయి. నోరు తెరుచుకుంది. చెప్పడానికేమీ లేదు.

"ఏంటండీ, కుర్చీలు విరిగాయా?"

"లేదమ్మా, గట్టివే."

వేదిక దగ్గరా అంతే. "లైట్లు వెలగవా?" అని ఆవిడ అనుమానంగా అడిగింది. వంటగది గుమ్మంలో ఆగేసరికి ఇక దాచలేకపోయాడు.

"ఇక్కడ గిన్నెల డబ్బులు చెప్పేవాణ్ణమ్మా. కాళ్లకి అలవాటైపోయింది."

ఆవిడ గట్టిగా నవ్వింది. "తెలుసు. మా పెద్దమ్మాయి పెళ్లి ఇక్కడే చేశాం. మీరు చెప్పిన మొదటి అంకె విని, పొంగిపోయి అక్కణ్ణుంచే మా ఆయనకి ఫోన్ చేశా. ఇక మీ వెనకాల నడుస్తున్నంతసేపూ మనసులో కూడికలే. హాలు చూడనే లేదు. ఇంటికెళ్లి ఆయనకి అసలు సంగతి ఎలా చెప్పాలా అని ఒకటే ఏడుపు."

చక్కెర బాబాయికి ఆవిడ ముఖమే గుర్తు లేదు. అదే ఆయనకి ఎక్కువ సిగ్గనిపించింది.

"మరి మళ్లీ ఇక్కడికే ఎందుకొచ్చారమ్మా?"

"దగ్గర కదా. పైగా ఈసారి లెక్క గేటు దగ్గరే తేలిపోయింది. ఇప్పుడు తీరిగ్గా చూపించండి."

ఆయన చూపించడం మొదలుపెట్టాడు. వేదిక పక్కన ఒక పెద్ద కిటికీ ఉంది. దానికి ఎప్పుడూ చార్జీ లేదు కాబట్టి ఇన్నేళ్లలో ఆయన అక్కడ ఒక్కసారీ ఆగలేదు. తలుపులు తీయగానే చల్లగాలి వచ్చింది.

"మా చిన్నదాన్ని ఇక్కడ కూర్చోబెట్టి ముస్తాబు చేస్తే?" అంది టైలరమ్మ.

"బావుంటుందమ్మా. వెలుతురు ముఖం మీద పడుతుంది. మీ ఆయన్ని ఆ మూల కూర్చోబెట్టకండి, అక్కడ ఫ్యాను గాలి అందదు."

పెద్దవాళ్లు ఎక్కడ, పిల్లలు ఎక్కడ అని ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఆయన ఆవిణ్ణి గేటు దాకా సాగనంపి, ఇంట్లో అందర్నీ అడిగానని చెప్పమని కూడా చెప్పి, గేటు వేసేశాడు.

టైలరమ్మ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఏమండీ, అడ్వాన్సు తీసుకోరా?"