సీమ ఫ్యాక్టరీని మూయించిన గురమ్మ

మార్కాపురం గురమ్మ దెబ్బకు ఇంగ్లండు సీమలో ఒక ఫ్యాక్టరీకి తాళం పడింది. నమ్మకపోతే పోండి. ఆ ఫ్యాక్టరీ దొర తాళంచెవిని సముద్రంలోకి విసిరికొట్టి, మూడు రోజులు అన్నం మానేశాడని ఊళ్ళో పలకలు చేసే షెడ్డులో ఎవరిని అడిగినా చెబుతారు. దొరలు అన్నం తినరు కదా అంటే, అందుకే మానడం సులువైంది అంటారు.

గురమ్మకు చూపు లేదు. పుల్లలచెరువు అవతల అడవంచు పల్లెలో గొర్రెలు కాసుకునే గంగయ్య కూతురు. ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి, ప్రాణం వదిలిపెట్టి కళ్ళు పట్టుకుపోయింది. వానల్లేక మంద మొత్తం అమ్ముకున్న ఏడు గంగయ్య కూతుర్ని వెంటబెట్టుకుని మార్కాపురం వచ్చి, పలకల రాయి మోసే పనిలో చేరాడు. పిల్లను ఎండ తగలకుండా షెడ్డు చివర కూర్చోబెట్టాడు. కూర్చున్న పిల్ల ఊరికే ఉండలేక పక్కనున్న పలకలను వేలి కణుపుతో కొట్టడం మొదలుపెట్టింది. మంచి పలక కంగుమంటుంది. లోపల నెర్రె ఉన్నది బొద్దుమంటుంది. ఏడాది తిరిగేసరికి పగుళ్ళు ఏరే పని ఆమెదే అయింది. పెద్దయ్యేసరికి రోజుకు ఎనిమిది వందల పలకలు ఆమె చేతి మీదుగా పోయేవి. పలకను ఒక్కసారి కొట్టి, దాని మీద దిద్దబోయే పిల్లవాడు ఎన్నో తరగతిలో తప్పుతాడో కూడా చెప్పేదని ప్రతీతి. ఎప్పుడూ చెప్పలేదు గానీ, అడిగితే చెప్పేదే.

ఇన్ని పలకలు తట్టిన మనిషికి ఒక్క అక్షరం రాదు. బలపంతో గీసింది వేలికి తెలియదు మరి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, ఆఫీసుల ముందు కొత్త బోర్డుల రంగు ఇంకా ఆరకముందే, దావీదు అయ్యవారు రైలు దిగాడు. ఆయన సొంతూరు గిద్దలూరు పక్క. ఆయనకూ చూపు లేదు. గుంటూరు వైపు గుడ్డివాళ్ళ బడిలో పనిచేస్తూ, నెలకు రెండుసార్లు వచ్చి, చూపులేనివాళ్ళు ఎక్కడున్నారో ఆరా తీసి చుక్కల అక్షరాలు నేర్పేవాడు. ఆయన సంచిలో ఒక చట్రం ఉండేది. రెండు రేకులు, మధ్యలో కాగితం. కింది రేకుకు సన్నటి గుంటలు, పై రేకుకు చిన్న చిన్న కిటికీలు. కిటికీలోంచి మొనదేలిన పుల్లతో నొక్కితే కాగితం వెనక చుక్క లేస్తుంది. కాగితం తిప్పి వేలితో చదువుకోవడమే. ఆరు చుక్కల అమరికలోనే అచ్చులూ హల్లులూ అన్నీ.

నాలుగు నెలల్లో గురమ్మ అయ్యవారి రాతలోనే తప్పులు పట్టే స్థితికి వచ్చింది. ఆయన సంతోషపడి ఒక కబురు చెప్పాడు. జూన్ మొదటి తేదీన బడిలో శిక్షణ మొదలవుతుంది. ఏడాది నేర్చుకుంటే పంతులమ్మ ఉద్యోగం. తిండీ బసా వాళ్ళే ఇస్తారు. చట్రం మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.

"తేకుంటే?"

"గేటు కాణ్ణించే తిప్పి పంపిస్తారు తల్లీ. నాది ఇద్దామంటే నా పని ఆగిపోతాది. సీమ నుంచి రావాల అది. పుల్లారావు శెట్టి తెప్పిస్తాడు, అడిగి చూడు."

పుల్లారావు శెట్టిది పలకలూ కాగితాలూ అమ్మే పెద్ద దుకాణం. ఆయన కంపెనీ ధరల పుస్తకం తిరగేసి అన్నాడు: "నలభై రెండు రూపాయలు. పోస్టు ఖర్చు వేరే."

"రెండు రేకు తునకలకా శెట్టీ?"

"ఉత్త రేకులా అవి? సీమ రేకులు! గుడ్డోళ్ళు ఎంతమంది కొంటారు? కొనేటోళ్ళు తక్కువ, అందుకే ధర ఎక్కువ. నన్నేం జెయ్యమంటావు?"

"కొనలేని ధర పెట్టి, కొనేటోళ్ళు తక్కువంటే ఎట్ల?"

దుకాణంలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. శెట్టికి రోషం వచ్చింది. "రెండు నెల్ల కూలి గురమ్మా. ఆ డబ్బుకు మేకలొస్తాయి, పాలన్నా ఇస్తాయి. అయినా నీకు రాత ఏంది? ఎవురికి రాస్తావు, నాకా?"

"నీకే. మొదటి ఉత్తరం నీకే. అది చదివిచ్చుకునేదానికి నువ్వు నా కాడికే రావాల."

"ముందు చట్రం రానీ తల్లీ."

"చట్రం నేనే జేసుకుంటా. ఊరంతా రాయి పెట్టుకొని రేకు కోసం ఏడుస్తానా?"

"నువ్వు జేసిన్నాడు దాన్ని నా దుకాణం ముందర యాలాడదీస్తా, పో."

"మేకు కొట్టి పెట్టుకో శెట్టీ."

ఆ మాట పట్టుకుని ఊరు వారం రోజులు నవ్వుకుంది. గురమ్మ నవ్వలేదు. జూన్‌కు అయిదు వారాలే ఉంది. అయ్యవారి చేత గట్టి కాగితం మీద ప్రతి కిటికీ గడిలోనూ ఆరు చుక్కలూ నొక్కించుకుంది. దాన్ని పలక మీద పరిచి, చుక్క చుక్కకూ మేకు మొన ఆనించి సుత్తితో తట్టడం మొదలుపెట్టింది. మూడో దెబ్బకే పలక రెండు ముక్కలైంది. గీతలకు పనికొచ్చే పల్చటి రాయి పోట్లకు ఆగదని తెలిసింది. ఇంటికప్పులకు వాడే మందపు బిళ్ళల దగ్గరకు పోయి, ముప్పై బిళ్ళలు కొట్టి చూసి, ఒకటి ఎంచుకుంది. అది గుడిగంటలా మోగిందనీ, ఆ మోతకు గిద్దలూరులో పూజారులు హారతి వెలిగించారనీ చెబుతారు. గిద్దలూరు ఎంత దూరమో చెప్పేవాళ్ళకు తెలియదు.

రెండు వరుసలు, వరుసకు ఇరవై గడులు, గడికి ఆరు. రెండువందల నలభై గుంటలు. మధ్యాహ్నం అన్నం వేళ అందరూ కునుకు తీస్తుంటే షెడ్డు చివర టక్కు టక్కుమని వినబడేది. పలకలకు చెక్క చట్రాలు బిగించే వడ్రంగి రంగనాయకులు కిరసనాయిల్ డబ్బా రేకు కోసి కిటికీలు చెక్కిచ్చాడు. గుంటలు పూర్తయ్యాక, చెక్క బిగించి తోలు బద్దతో రేకు కలపమని గురమ్మ బిళ్ళను ఆయన చేతికిచ్చింది.

మర్నాడు ఆయన మురిసిపోతూ తెచ్చాడు. గురమ్మ రేకు ఎత్తి రాతి మీద వేళ్ళు పెట్టింది. నున్నగా ఉంది.

"మామా, గుంటలేవీ?"

"గరుగ్గా ఉండాది పిల్లా, నీ చేతికి గుచ్చుకుంటాదని ఇసక, నీళ్ళు ఏసి రుద్దినా. అద్దం మాదిరి వచ్చింది సూడు."

షెడ్డులో ముప్పై ఏళ్ళుగా రుద్దకుండా ఒక్క రాయి బయటికి పోలేదు. ఆయన చేతులు అలవాటు చొప్పున పదిహేను రోజుల పనిని తుడిచిపెట్టాయి. గురమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే కాగితం కాలుతుంది. కాసేపటికి సంగతి అర్థమైన రంగనాయకులు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎన్ని దినాలుండాది గురమ్మా?"

"తొమ్మిది. ఏడుపు ఆపి మేకుకు మొన తియ్యి మామా. ఈసారి నా చెయ్యి దాటి పోనియ్యను."

తొమ్మిది రోజులూ ఆయన మేకులకు మొనలు తీశాడు, ఆమె కొట్టింది. ఈసారి గుంటలు కొంచెం లోతుగా కొట్టింది, ఎవరు రుద్దినా చెరగకుండా. చెక్క తన ఎదుటే బిగించమంది. గంగయ్య కూతుర్ని రైలెక్కించి తానూ ఎక్కాడు.

బడిలో అధికారి ఆ రాతి చట్రాన్ని వేలితో పక్కకు నెట్టాడు. "ఇదేమిటమ్మా? ఇది చెల్లదు."

"సొంత చట్రం తెచ్చుకోమన్నారు, తెచ్చుకున్నా. సీమదే తేవాలని మీ కాగితంలో ఉంటే సదివి ఇనిపించండి సార్, పోతా."

కాగితంలో ఆ మాట లేదు. అధికారి గొంతు సవరించుకుని, "సరే, రాయి. ఒక్క చుక్క తప్పినా తిరుగు రైలే" అన్నాడు. దావీదు చదివితే తప్పులు దాచిపెడతాడేమోనని, చూపులేని మరో పంతులమ్మ కనకమ్మను లోపలి నుంచి పిలిపించాడు. గంగయ్య తలగుడ్డ చేత్తో నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు. గురమ్మ రాసిన కాగితాన్ని కనకమ్మ వేళ్ళతో తడుముతూ పైకి చదివింది:

"ఈ బిళ్ళ మార్కాపురంది. ఒకసారి మా మామ అరగదీసినాడు, మళ్ళా చేసినా. ఖర్చు రూపాయిన్నర. తప్పుంటే చూపించండి."

కనకమ్మ ఇంకోసారి తడిమింది. "ఇందులో తప్పేం లేదు సార్. తప్పు నాదే, పోయినేడు నలభై రెండు పెట్టి కొన్నాను."

అధికారి నవ్వు ఆపుకోలేక పేరు రాసుకున్నాడు.

పుల్లారావు శెట్టికి ఉత్తరం వచ్చింది. తెల్లకాగితం, నిండా చుక్కలు. ముందుకూ వెనక్కూ తిప్పాడు, దీపానికి అడ్డం పెట్టాడు. లాభం లేక దసరా సెలవులకు గురమ్మ వచ్చేదాకా గల్లాపెట్టెలో దాచి, ఆమె రాగానే తానే షెడ్డుకు నడిచి వచ్చాడు. గురమ్మ చదివి వినిపించింది: "మేకు కొట్టినావా శెట్టీ?"

కొట్టాడు. గురమ్మ చేసిచ్చిన కొత్త చట్రం ఒకటి దుకాణం ముందు వేలాడింది. రెండో రోజుకే బేరం తెచ్చాడు: "పదిహేనుకు అమ్ముదాం గురమ్మా. నీకు అయిదు."

"రూపాయిన్నర. ఒక్క పైసా ఎక్కువ తీసుకున్నావంటే దించేస్తా."

శెట్టి సీమ చట్రాలు తెప్పించడం మానుకున్నాడు. అంతే, ఆ మానుకోవడమే నోరు నోరూ దాటి ఫ్యాక్టరీ మూతపడటం అయింది, దొరకు అన్నం సయించకపోవడం అయింది. తర్వాత రెండేళ్ళకు పంతులమ్మ గురమ్మ వేసవి సెలవుల్లో షెడ్డుకు వచ్చి, పాత అలవాటు కొద్దీ పలకలు తడుతూ కూర్చుంటే, ఈ కథంతా షెడ్డువాళ్ళు ఆమె ఎదుటే చెప్పారు, తాళంచెవితో సహా. ఆమె చేతిలో ఉన్న పలకను కొట్టి, పక్కన పెట్టి అంది:

"మూతపడలేదు. మొన్న శెట్టి కంపెనీ పుస్తకం సదివినాడు, ధర నలభై ఎనిమిది జేసినారంట. నేను చేసినవి మొత్తం పదకొండు. రెండు పగిలినాయి."