పదకొండు స్టేజీల అవతలి ఊరు

ఆడపడుచు నోట వదిన గొప్పలు వినడం అరుదంటారు. వినండి మరి. మా వదిన ఇరవై ఏళ్ళుగా బస్సు కండక్టరు. నలభై మూడో ఏట యూనివర్సిటీలో ప్రాంతీయ అధ్యయనాల ఎమ్మేలో చేరింది. ఒక ప్రాంతానికి హద్దులు ఎవరు గీస్తారు, జనం ఎక్కడి నుంచి ఎక్కడికి ఎందుకు వెళతారు, ఇదీ ఆ చదువు. "ఈ వయసులో ఇదేం చోద్యం?" అంది మా అమ్మ. అన్నయ్య మాత్రం వంట నేర్చుకున్నాడు. ఆ వంట రెండేళ్ళు తిన్నాం, మా త్యాగం అది.

తెల్లవారగానే మొదటి ట్రిప్పు, మధ్యాహ్నం క్లాసు. డిపో మేనేజరు ఆ డ్యూటీ రెండేళ్ళకే ఇచ్చాడు. ఆ గడువు వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, ఉన్న నెలాఖరుతో సరి. వైవా గట్టెక్కకపోతే చదువు అటకెక్కినట్టే.

వైవాకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చంటే నేనూ వెళ్ళాను. బల్ల మీద వదిన తన ప్రాజెక్టుకి గీసిన పటం పరిచి ఉంది. మధ్యలో యూనివర్సిటీ, చుట్టూ ముప్పై ఊళ్ళు. పరీక్ష చెయ్యడానికి వచ్చిన ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని ఓ చుక్క మీద వేలు పెట్టాడు.

"ఏటి అవతలి ఊరు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లేనమ్మా. మీరు పటం చివర పెట్టారు. పైగా సెంటీమీటరుకి ఎంత దూరమో చెప్పే స్కేలు గడి ఖాళీగా వదిలేశారు."

తప్పే. కండక్టరు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. వదిన ఊళ్ళని కిలోమీటర్లలో కొలవలేదు, టికెట్టు ధర మారే స్టేజీల్లో కొలిచింది. ఇరవై ఏళ్ళు అలా ఆలోచించిన బుర్రకి అది వేరే చెప్పాలని తట్టనే లేదు.

"ఆర్నెల్లు టైమిస్తాను. సరిగ్గా గీసి తీసుకురండి" అన్నాడాయన.

ఆర్నెల్లంటే ఆ డ్యూటీ గడువు దాటిపోయినట్టే. వదిన మాత్రం ఫుట్‌బోర్డు దిగని ప్రయాణికుడితో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది.

"నాలుగు కిలోమీటర్లు పిట్టకి సార్. మనిషికి రెండు బస్సులు, పదకొండు స్టేజీలు. రేపు నా మొదటి ట్రిప్పుకి రండి. అప్పటికీ తప్పే అంటే మళ్ళీ గీస్తాను."

ఆయన వచ్చాడు. పెద్దమనిషే, ఒప్పుకోవాలి. ఆ తమాషా చూడాలని నేనూ ఎక్కాను. బస్సు వంతెన కోసం ఏటి వెంట పోతూనే ఉంది. ఆరో స్టేజీలో వదిన మమ్మల్ని దించి "రైట్ రైట్" అని వెళ్ళిపోయింది. నలభై నిమిషాలకి రెండో బస్సు వచ్చింది. అందులో మందుల సంచీతో ఒక ముసలమ్మ ఆయన పక్కన కూర్చుంది.

"ఏటికి అవతలున్న ఆస్పత్రి మా గుమ్మంలోంచి కనబడుతుంది బాబూ. నిన్న వెళ్ళాను, ఆఖరి బస్సు తప్పి వెళ్ళి రావడానికే రెండు రోజులు పట్టింది."

ఊళ్ళో దిగి ఆయన ఏటి ఒడ్డుకు నడిచాడు. ఎదురుగా యూనివర్సిటీ నీళ్ళ ట్యాంకు. గడియారం చూసుకున్నాడు. బయలుదేరి రెండు గంటలు దాటింది.

ఆ మధ్యాహ్నం అదే గదిలో, వదిన ఇంకా యూనిఫాంలో ఉండగానే, ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఖాళీ గడిలో రాశాడు: ఒక సెంటీమీటరు, ఒక స్టేజీ. కింద పాస్ అని సంతకం పెట్టాడు.

"ఈ గడి ఒక్కటే మిగిలిందమ్మా" అన్నాడు.

వదిన కళ్ళు తుడుచుకుంది. నాకైతే నా పెళ్ళినాడు కూడా అంత గర్వం కలగలేదు.

ఆ పటం ఇప్పుడు వదిన చదివిన శాఖ వరండాలో వేలాడుతోంది. ఇంటికి ఎవరొచ్చినా తీసుకెళ్ళి చూపిస్తాను. యూనివర్సిటీ ఎంత దూరం అని అడుగుతారు. మూడు స్టేజీలు అంటాను.