విజయనగరానికి పొలిమేర

డుంబ్రిగుడ హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. నా పాఠానికి కునుకు తీయని పిల్లలు లేరు కనుక, ఈసారి పెద్దవాళ్ళ మీద ప్రయత్నిద్దామనుకున్నాను. బడి పక్క ఊళ్ళోని కాఫీ సంఘం ఆడవాళ్ళు విజయనగరం చూపించమని అడిగారు. ఆసుపత్రికీ సంతకీ తప్ప కొండ దిగనివాళ్ళు. కాఫీ కోతలైపోయాయి, పొలం పనులు మొదలయ్యేలోగా వెళితేనే వెళ్ళినట్టు.

అది నా పుట్టినూరు. వాళ్ళను బడికి పిలిచి ప్లాను కొంచెం గర్వంగానే చదివాను. ముందు కోట, తరవాత గంటస్తంభం. గంటస్తంభానికి అరగంట చాలన్నాను. ఎవరూ నవ్వలేదు.

సంఘం పెద్దావిడ అంతా విని, "బాగుంది మేడమ్మా. మరి పొలిమేర కాడ ఎక్కడాగుతాం?" అంది.

"ఎందుకు ఆగడం?"

"ఏటలాగంతావు? కొత్తూరికెల్తే పొలిమేర కాడ గుప్పెడు గింజలెట్టి, మేం పలానా ఊరోలం, సూసి పోతామని ఆ ఊరి తల్లికి సెప్పాల. సెప్పకుండా దూరితే దొంగలమవమా?"

అందరూ తలలూపారు. ఆవిడ రాకపోతే ఒక్కరూ రారు.

కోట ఎవరు కట్టించారో నిద్రలో లేపినా చెబుతాను. ఊరు ఎక్కడ మొదలవుతుందో మాత్రం తెలియదు. అక్కడే కాపురముంటున్న మా అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"పొలిమేరేటే? రోడ్డు పొడుగునా లేఅవుట్లే కదా! బేగి సెప్పు, పొయ్యి మీద పులుసుంది."

"పోనీ, ఊరి పేరు బోర్డు దగ్గర బస్సు ఆపుదాం," అన్నాను.

"బోర్డు కాడ బోర్డుంటాది గానీ తల్లుంటాదేటి?" అని ఒకావిడ లేచి కొంగు దులుపుకుంది. "ఈయేటికి మానేద్దాం."

ఇంకో ఇద్దరు కూడా లేచారు. పెద్దావిడ వాళ్ళను చేత్తో ఆపి, ఫోన్ మీదికి వంగింది.

"అమ్మా, నువ్వా ఊరి కోడలివా?"

"అవునమ్మా."

"ఊరి తల్లికి మొక్కుతావా?"

"ఏటేటా మొక్కుతాను."

"అయితే నీ గుమ్మం కాడే గింజలెడతాం. మేవొచ్చేమని తల్లికి నువ్వు సెప్పు."

ఫోన్లో గరిట చప్పుడైంది. అక్క పులుసు కలుపుతోందో, ఆలోచిస్తోందో.

"సెప్తాను, రండి," అంది. ఆ వెంటనే నన్ను పిలిచి, "ఇంతమందికి టిఫినేటి సెయ్యమంటావే?" అంది.

ప్లానులో కోట రెండో చోటికి జరిగింది. తీసుకెళ్ళాల్సిన గింజలు సామలా, చోళ్ళా అని ఆడవాళ్ళు ఇంటిదారిలో కొండ మలుపు తిరిగేదాకా వాదించుకుంటూ వెళ్ళారు.