నీళ్ళు తాగిన రాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాముకు భయపడినంతగా నున్నటి రాయికి భయపడేవాళ్ళు. వినేవాళ్ళకు నవ్వొస్తుంది, రానివ్వండి. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. ఇవాళ బలసముద్రం ఊరి పక్కన సోలార్ పలకలు పరిచిన నేలలో చాలా భాగం అప్పుడు మా మంద తిరిగిన బీడే. ఆ భయం మాకు తాతల నాటిది కాదు. ఒక వానాకాలం మధ్యాహ్నం వచ్చి మా ఇంట్లో కూర్చుంది.

మంద దగ్గర పాలు కాచుకునే పద్ధతి వేరు. పాలు ఎండిన సొరబుర్రలో పితికేవాళ్ళు. బుర్రను పొయ్యి మీద పెడితే కాలిపోతుంది కాబట్టి, ఒక రాయిని నిప్పుల్లో బాగా కాల్చి, బూడిద దులిపి పాలలో వేసేవాళ్ళు. చుయ్‌మని ఒక్క పొంగు వచ్చేది. ఆ పాలకున్న మాడు వాసన ఇప్పటి ప్యాకెట్ పాలకు ఏడు జన్మలెత్తినా రాదు. ఆ రాళ్ళను మా అవ్వ గుట్ట మీది నుంచే ఏరుకొచ్చేది. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్న రాళ్ళవి.

ఆ రోజు వాడుకలో ఉన్న రాయి రెండు ముక్కలైంది. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, కొత్త రాయి కోసం పక్కనే ఉన్న వంకలోకి దిగాడు. వానొస్తేనే పారే చిన్న వాగు అది. అప్పుడే వాన వెలిసింది. కోడిగుడ్డులా నున్నగా ఉన్న రాయి తెచ్చి మురిపెంగా నాకు చూపించాడు.

"గుట్ట రాయికి మట్టంతా అంటుకోని ఉంటాది పాపా. ఇది చూడు, గంగమ్మే కడిగి పెట్టినాది. పాలల్లోకి పొయ్యేది శుభ్రంగా ఉండల్ల గదా" అన్నాడు.

వంక రాయి నిప్పులో పెట్టకూడదని అవ్వ అంటూనే ఉండేది. ఎందుకని అడిగితే ఆమెకూ తెలియదు, వాళ్ళమ్మ చెప్పిందంతే. కారణం తెలియని మాట వయసులో ఉన్నవాళ్ళ చెవికి ఎక్కదు.

రాయి ఎప్పుడు ఎర్రబడుతుందా అని నేను నిప్పుల మీదికి వంగి చూస్తున్నాను. లోపలి నుంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. చిన్నాయనకు ఏం తోచిందో, రెండు అరచేతులూ తెచ్చి నా కళ్ళకు అడ్డం పెట్టాడు. ఆ చీకట్లోనే టపాకాయ పేలినట్టు వినబడింది. ఆయన చేతులు తీయలేదు. నేనే పెరుక్కుని చూశాను. ఆయన ఎడమ కంటి నుంచి రక్తం గడ్డం దాకా కారుతోంది.

"నీకు తగల్లేదు గదా?" అని అడిగాడు.

ఆస్పత్రికి తీసుకుపోయారు గానీ కన్ను దక్కలేదు. కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. ఒంటికన్ను వాడికి పిల్లనెవరిస్తారని ఆయన వింటుండగానే అన్నారు. అన్నవాళ్ళంతా చచ్చిపోయారు, వాళ్ళ మీద నా కోపం మాత్రం చావలేదు.

కట్టు విప్పిన తరవాత, పగిలిన రాతిముక్క ఒకటి ఆయనే నా చేతిలో పెట్టాడు.

"రాయి గూడా నీళ్ళు తాగుతాది పాపా. పైన ఆరిపోయినా కడుపులో ఉంటాయి. సెగ తగిల్తే ఆ నీళ్ళకు బయటికి దావ దొరకదు. చూసి కనుక్కోలేం. యాడ నుంచి వచ్చినాదో అడగల్ల."

అంతే చెప్పాడు. పెళ్ళీ పిల్లలూ లేకుండానే పోయాడు. నీకోసం కన్ను పోయిందని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

మొన్న మా మనవరాలు పట్టుబట్టి చేపల తొట్టి కొనిపించుకుంది. అందులో పరచడానికి సోలార్ కంచె వెనకున్న వంకలో రాళ్ళు ఏరుకొచ్చింది. వాళ్ళమ్మ పలకలు కడిగే పనికి పోయింది. నేను వంటింట్లోకి పోయేసరికి ఆ రాళ్ళు గ్యాస్ పొయ్యి మీద గిన్నెలో ఉడుకుతున్నాయి. పిల్ల వంగి చూస్తోంది.

"ఉడకబెడ్తే పురుగూ పుట్రా చస్తాయంట అవ్వా, ఫోన్లో చెప్పినారు. చేపల కాడికి పొయ్యేవి శుభ్రంగా ఉండల్ల గదా!"

అదే మాట. ఒక అరచెయ్యి దాని కళ్ళకు అడ్డం పెట్టి, రెండో చేత్తో పొయ్యి ఆర్పి, పిల్లను బయటికి ఈడ్చుకొచ్చాను. గిన్నె చల్లారేదాకా లోపలికి పోనివ్వలేదు.

"ఒక్కటీ పగల్లేదు గదా" అని మూతి ముడుచుకుంది. నిజమే, పగల్లేదు. అసలు పగిలే రాళ్ళు కావేమో కూడా.

"మా చిన్నాయన రాయి గూడా పగిలేదాకా పగల్లేదు" అన్నాను. అప్పుడు ఆ కథంతా చెప్పాను.

తరవాత ఇద్దరం కూర్చుని ఆ రాళ్ళను కొబ్బరిపీచుతో రుద్దాం. సబ్బు తెస్తే వద్దన్నాను. రాయి సబ్బునూ తాగుతుంది, తాగింది చేపలకే వదులుతుంది. పిల్ల ప్రతి రాయి మీదా నిమ్మకాయ పిండింది. ఒకదాని మీద బుసబుసా నురగ లేస్తే, అది సున్నపురాయి, తొట్టిలో నీళ్ళను మార్చేస్తుందని పక్కన పడేసింది. ఆ సంగతి నాకు తెలియదు. మిగిలినవి బకెట్లో నానబెట్టి, నీళ్ళు తేటగా నిలిచేదాకా రోజూ మార్చాం. ఇప్పుడు వాటి సందుల్లో చేపలు తిరుగుతున్నాయి.

వాటిని చూస్తూ నిన్న అడిగింది, "అవ్వా, ముందు పొయ్యి ఆర్పల్ల గదా. నా కండ్లు మూసినావేంది?"

తెలివైన ప్రశ్నే. ముందు పొయ్యే ఆర్పాలి. కానీ నా చెయ్యి కాపాడే పని నేర్చుకున్నది మా చిన్నాయన దగ్గర. ఆయనా ముందు పిల్ల కళ్ళే మూశాడు.