రేడియేటర్లో రాగిపొడి

ఒక్క రాగి చెంబుతో ఒక కారునీ, ఒక ఉద్యోగాన్నీ, బాబాయి పరువునీ ఒకే పూట ముంచిన ఘనుణ్ణి మీరు చూసి ఉండరు. నేనే. సావకాశంగా చూడండి.

రెండువేల దశకంలో, ఎం.టెక్ పూర్తిచేసి జగ్గయ్యపేటలో ఖాళీగా ఉన్న రోజులవి. ఖాళీ అంటే, సలహాలివ్వడానికి తప్ప దేనికీ తీరిక లేకపోవడం. నందిగామ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. రంగుల కొట్టు నడిపే మా బాబాయి తన పాత అంబాసిడర్‌లో తీసుకెళ్తానన్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, నేను ఇంటర్వ్యూకి వెళ్తూ పరిశోధనను చంకన పెట్టుకున్నాను.

ఆ కారు ఎండలో ఊరు దాటితే ఉడికిపోయేది. నేనేమో ఒక వ్యాసం చదివి ఉన్నాను. నీటికంటే లోహం వేడిని బాగా మోస్తుందట. కంటికి ఆననంత సన్నని నానో రేణువులు నీళ్ళలో తేలుతుంటే, ఆ నీళ్ళు ఇంజను వేడిని ఇంకా త్వరగా లాగేస్తాయట. వ్యాసం సగమే చదివాను. మిగతా సగం నాకు పుట్టుకతోనే వచ్చని నా నమ్మకం.

పిన్ని రాగి చెంబును ఆకురాయితో అరగదీసి, ఆ పొడిని పాత వాయిల్ చీరతో వస్త్రకాయం పట్టాను. మా ఇళ్ళల్లో శొంఠిపొడికైనా సున్నిపిండికైనా మెత్తదనానికి అంతకుమించిన పరీక్ష లేదు. ఆ చీరలోంచి దూరిందంటే నానో కాక మరేమిటి?

"ఏందిరా పోస్తున్నావ్ అందులో?" అన్నాడు బాబాయి, నేను రేడియేటర్ మూత తీసి పొడి వంపుతుంటే.

"రాగి బాబాయ్. ఇక నీ ఇంజను ఐసుగడ్డే."

"ఊరికే వచ్చిందేగా, ఇంకాస్త పొయ్యి! చెంబు సంగతి మాత్రం మీ పిన్నికి చెప్పమాక."

చిల్లకల్లు దాటామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగిసింది.

"ఆవిరొస్తందేందిరా?"

"వేడి బయటికి పోతోంది బాబాయ్. మనక్కావాల్సింది అదేగా!"

"ఇంజను గూడా పోయేట్టుందిరా!"

పోయింది. చీర దాటిన రేణువు నానో ముందు బండరాయట. తేలాల్సిన రాగి కాస్తా అడుక్కి దిగి గొట్టాలన్నీ పూడ్చేసింది. నీళ్ళు కదల్లేదు, వేడీ కదల్లేదు, కారైతే అసలే కదల్లేదు. ఆటో పట్టుకుని, చెమటతో, మసితో ఇంటర్వ్యూలో పడ్డాను. బాబాయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నానో ద్రవాల్లో వేడి ఎలా ప్రయాణిస్తుందండి?" అని అడిగారు ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన.

"అద్భుతంగా ప్రయాణిస్తుందండి!" అన్నాను, సిగ్గు లేకుండా.

"ప్రాక్టికల్‌గా ఏమైనా చేశారా?"

నేను నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి బాబాయి గొంతు లేచింది.

"చేశాడండీ! హైవే మీదే ఉంది. తొయ్యడానికి మీ స్టూడెంట్లని ఓ నలుగుర్ని పంపితే చూపిస్తామండీ!"

ఉద్యోగం రాలేదు. అందుకే పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో మజ్జిగలో ఉప్పు తప్ప ఏ ద్రవంలోనూ ఏ పొడీ కలపను. ఆ ఉప్పైనా పిన్ని చూస్తుండగానే వేస్తాను.